మగ్గం మోత కాదట

సరోజా,

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వు చదవవు, చదివినా సంతోషించవు.

మన రఘు ఎందుకిలా పుట్టాడో నిన్న బెంగళూరు డాక్టరమ్మ చెప్పింది. కడుపుతో ఉండి దొడ్డబళ్ళాపురంలో మరమగ్గం నడిపినందుకే, ఆ మోతకే వాడి బుర్ర ఎదగలేదని నువ్వు పోయేదాకా ఏడ్చావు కదా.

"మోతకూ దీనికీ సంబంధమే లేదప్పా," అందామె.

మెదడు కణం ఎదిగేటప్పుడు దాని కొమ్మల్లోకి ఏది తయారవ్వాలో చెప్పే ఆర్ఎన్ఏ కబుర్లు వెళ్తాయట. వాటిని పట్టుకుని, వేళ వచ్చేదాకా విప్పనివ్వని ప్రొటీన్ ఒకటుంటుందట. వీడిలో అది తయారవదు. మన మగ్గానికి, ఏ పువ్వు ఎక్కడ పడాలో చెప్పే చిల్లుల అట్టలు కట్టే మేస్త్రీ తాగొచ్చి వాటిని తారుమారు చేసిన రోజు గుర్తుందా? అంచు పువ్వులు చీర ఒంటినిండా పూశాయి. ఎవరూ కొనకపోతే నువ్వే కట్టుకున్నావు. వీడి మెదడు కణాల కొమ్మలకూ అలాగే అడ్డదిడ్డంగా చిగుళ్లు వచ్చేశాయట.

"మందుండాదా మేడమ్?"

"ఇంకా లేదప్పా."

"మరి ఇది యాడినుంచి వచ్చిండాది?"

"తల్లి జన్యువులోంచి. ఎవరి తప్పూ కాదు."

ఆ చివరి మాట నువ్వు వినేదానివి కాదు. మోతను వదిలేసి, ముందన్న 'తల్లి' మాట పట్టుకుని మళ్లీ ఏడుపు మొదలుపెట్టేదానివి.

సాయంత్రం పక్కింటి మగ్గం మొదలైంది. రఘు చెవులు మూసుకున్నాడు. లేచి కిటికీ వేశాను.