పడితే లేవకూడదట

తమ్ముడూ,

నీ కొడుకు కంపెనీ పని మీద రేపు స్పెయిన్ వెళ్తున్నాడు. అక్కడ ఒక పండగలో ఎద్దుల్ని ఇరుకు సందుల్లోకి వదిలి, వాటి ముందు మనుషులు పరుగెత్తుతారట. చిత్తూరు వైపు నువ్వు వెళ్ళి ప్రాణంతో తిరిగిరాని పశువుల పండగ లాంటిదే. వీడూ పరుగెత్తుతాడట. వద్దంటే వినే వయసా వాడిది?

ఆ పరుగుకి అందరూ వేసుకునే తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా సౌకార్‌పేటలో కుట్టించుకున్నాడు. నడుముకి ఎర్రగుడ్డ కావాలంటే నా పాత చీర అంచు చింపి ఇచ్చాను.

ఈ సాయంత్రం అవన్నీ వేసుకుని హాల్లోకి వచ్చాడు.

"అత్తా, ఆడ పడితే లేవకూడదంట. ఆడి కంపెనీవోళ్ళు ఫ్యాక్స్‌లో రాసినారు. లేచినోణ్ణే పొడస్తాదంట. ఇట్లా తల పట్టుకోని కదలకుండా ఉండాల, అంతే" అంటూ నేల మీద బోర్లా పడుకున్నాడు.

నిన్ను తెచ్చి పడుకోబెట్టిన చోటే. తల కూడా ఆ దిక్కుకే.

"రేయ్, తల ఆ పక్క పెట్టొద్దురా" అన్నాను.

నా మాట పూర్తికాకముందే వాడు చటుక్కున లేచి నిలబడ్డాడు.

ఆ రోజు నువ్వూ పడగానే ఇట్లాగే లేచావని, నిన్ను మోసుకొచ్చినవాళ్ళు చెప్పారు.

అక్క