నాయన వోల్టేజీ, నా డ్రైవర్

ఆళ్లగడ్డ, 2008, బుధవారం రాత్రి

రేపు నంద్యాల కాలేజీలో నా ప్రాజెక్టు చూపించాలి. నిన్నటిలాగే సాయంత్రం నుంచి ల్యాప్‌టాప్ స్క్రీను ఒకటే వణుకు. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్లగ్గు పీకి చూద్దామంటే ఆరిపోతుంది.

మొన్న లినక్స్‌లో కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే స్క్రీనును నడిపే ప్రోగ్రాం, వేశాను. తప్పు దానిదేనని నా పట్టు. నాయన వింటేగా!

"డ్రైవరు గాదు, ఏం గాదు పాపా. చేన్లల్లో మోటార్లన్నీ తిరుగుతాండాయి, ఇండ్లకు వోల్టేజీ యాడుంటాది? మోటార్లకిచ్చే త్రీఫేజు పోనీ, అదే నిలబడ్తాది."

"నీకు తెలీదులే నాయనా!" అని అరిచేశాను. కొత్త డ్రైవర్ తీసేసి, పాతది వేసి, మళ్లీ ఆన్ చేశాను. సరిగ్గా అప్పుడే త్రీఫేజు పోయింది. చేల వైపు మోటార్ల చప్పుడు ఆగింది, బల్బు తెల్లగా వెలిగింది, స్క్రీను కదలకుండా నిలబడింది.

"చూస్తివా?" అన్నాడు నాయన.

నిలబెట్టింది నేనా, కరెంటా? మళ్లీ త్రీఫేజు వచ్చేదాకా ఉండి చూద్దామంటే, ఆలోపే నేను బస్సెక్కాలి. నిన్న కూడా స్క్రీను ఇలాగే కాసేపు ఆగి మళ్లీ వణకడం మొదలుపెట్టింది. మార్కులేసే సారు ముందు వణికితే...

డ్రైవర్ మార్చింది సరిపోయిందో లేదో నాకు నమ్మకం లేదు; కాలేజీ చుట్టుపక్కలైతే చేలు లేవు, మోటార్లు లేవు. దేవుడా, నాయన చెప్పిందే నిజం కావాలి.