శశి భాగం

ధర్మవరం,
12-6-2025.

చిరంజీవి తమ్ముడు శశికి,

జ్యోతక్క ఆశీస్సులు. మేమంతా క్షేమమని రాయడం ఆచారం కాబట్టి రాస్తున్నాను. నీ క్షేమం మాత్రం కొత్తచెరువు నుంచి వచ్చే తిమ్మన్న మామ నోట వినాల్సి వస్తోంది. నువ్వు ఫోనెత్తవు. కాగితమైతే చించే ముందైనా చదువుతావని ఆశ.

వాన ఇంకా పడలేదు. నీ మగ్గం మీద సగం నేసిన చీరకు గుడ్డ కప్పి ఉంచాం. ఎర్రిస్వామన్న దాన్ని ఎవరినీ ముట్టనివ్వడం లేదు.

నువ్వు కోరినట్టే ఆదివారం పెద్దమనుషులు కూర్చుని ఇల్లూ మగ్గాలూ పంచుతారు. మామ చేత నువ్వు పంపకాలు అడిగిస్తే అన్న ఎదురు చెప్పలేదు, కానీలే అన్నాడు. సంతకాలు పడకముందే నీకు సంగతి తెలియాలి.

ఆ రోజు వాకిట్లో నువ్వు విన్న ‘భాగం’ ఆస్తిది కాదురా, కంప్యూటర్‌ది! నాయన బతికుండగా అందులో గీసిన చీర అంచులు, పువ్వుల బుటాలు పాత విండోస్‌లోనే తెరుచుకుంటాయి. నువ్వు నేర్చుకొచ్చిన డిజైన్ సాఫ్ట్‌వేర్‌కేమో కొత్త విండోస్ కావాలి. పాతది తీసేస్తే నాయన చేతిపని పోతుంది, కొత్తది లేకపోతే నీ చదువు వృథా. అందుకే అన్న కంప్యూటర్లు బాగుచేసే ప్రణీత్‌ను పిలిపించాడు. హార్డ్ డిస్క్‌లో పాతదాని చోటు కుదించి, మిగిలిన చోట కొత్తది పెట్టాలట. దాన్నే పార్టిషన్ అంటారట. అన్నకు ఆ మాట నోరు తిరగక భాగం అన్నాడు. అన్నదమ్ములున్న ఇంట్లో ఆ మాట చెవిన పడితే గుండె గుభేలుమంటుంది, నిజమే. అడగొచ్చు కదా! గోరంతను కొండంత చేసుకుని వెళ్ళిపోయావు.

ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేస్తే పాతదీ కొత్తదీ రెండింటిలో ఏది కావాలని అడుగుతుంది. రెండూ ఒకే డిస్కులో ఉన్నాయి. ఇల్లు పంచితే ఆ కంప్యూటర్‌ను ఏం చేస్తారో నాకు తెలియదు. రాస్తుంటే ఏడుపొస్తోంది శశీ. ఆదివారం లోపల రా.

ఇట్లు,
నీ అక్క,
జ్యోతి.

తా.క. నీ పేరు చెవులారా విన్నానని మామతో అన్నావట. అబద్ధమెందుకు, విన్నావు. కొత్త భాగానికి పేరేం పెట్టాలని ప్రణీత్ అడిగితే అన్న నీ పేరే చెప్పాడు. తీరా చూస్తే చోటు చాలదన్నాడు ప్రణీత్. శశి భాగం తగ్గించొద్దప్పా, నాయనవి ముట్టుకోవద్దు, ఈడ నేను గీసినేవి ఉండాయి కదా, అవి తీసెయ్ అన్నాడు అన్న. మగ్గం చప్పుడుకు నీకు ‘శశి భాగం తగ్గించ’ వరకే వినబడినట్టుంది. పక్కనే కండెలు చుడుతున్న నేను మొత్తం విన్నాను. వేరే చోట దాచుకోమని ప్రణీత్ అంటే, వాటినింక ఎవురు నేస్తారులే అన్నాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు ఆ డిస్కులో నాయనవి ఉన్నాయి, నీకు కావలసినంత చోటుంది, అన్న గీసిన పువ్వు ఒక్కటి కూడా లేదు.