చింపేసిన చావు కబుర్లు

కొత్తపేట,
ఆగస్టు 1978.

కాలేజీ లైబ్రేరియన్ ధర్మరాజు గారి దివ్యసముఖమునకు,

మా తాతగారు, తెలుగు పండితులు నతానియేలు గారికి నలుమూలల నుంచి పండితులు రాసిన ఉత్తరాలన్నీ భద్రంగా ఉంటాయని మీ కాలేజీకి ఇచ్చేం. నిన్న వచ్చి చూస్తే చావు కబురు కార్డులు ఒక్కటీ లేవు. అడిగితే తమరు, "అశుభం కబురు చదివేక చింపెయ్యాలండీ, దాచుకుంటారేంటండీ? గుమ్మం బయటే చింపేసి లోపలికొచ్చేను," అన్నారు. ఆయ్, ఇంట్లో చెయ్యవలసిన ఆచారం కాలేజీ బీరువాకి కూడా చేసిపెట్టేరు.

వాటిలో ఒకటి తాతగారి గురువుగారు పోయిన కబురు. ఆ కార్డు వెనకాలే తాతగారు ఆయన మీద పద్యాలు రాసుకున్నారు. వాటికి ఇంకెక్కడా నకలు లేదు. ఆదివారం తాతగారి జ్ఞాపకార్థ కూటంలో అవి వినాలని మా మామ్మ కోరిక. "పద్యాలు దొరికేయా నాయనా?" అని ఆవిడ అడుగుతోంది. మీ గుమ్మం ఊడ్చిన చీపురుని అడగమని చెప్పనా?

మిగిలిన కాగితాలు శనివారం రిక్షాలో పట్టుకుపోతాను. అడ్డం రాకండి.

ఈ ఉత్తరం మాత్రం చింపకండి. ఇందులో చచ్చింది మీ మీద మాకున్న గౌరవం ఒక్కటే. దానికి మైల పట్టక్కర్లేదు.

ఇట్లు,
ఆ పద్యాలు రాసినాయన మనవడు