చేట ముందు పుస్తకం

చిరంజీవి పవిత్రన్‌కు అమ్మ మనసారా దీవించి రాసేది. నేనూ, నీ చెల్లీ ఒంట్లో బాగానే ఉన్నాం. ఈ కన్నూరు వానే మమ్మల్ని బాగుండనివ్వడం లేదు, బీడీ ఆకు తేమ పట్టి ప్రాణం తీస్తోంది. నువ్వు షార్జాలో వేళకింత తింటున్నావనీ, ఊరు గుర్తొచ్చి దిగులు పడటం లేదనీ అనుకుంటున్నాను.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. వైద్యుడు ఇచ్చిన తైలం రాస్తూనే ఉన్నాను, ఆ సంగతి నొప్పికి ఇంకా తెలిసినట్టు లేదు. వంటింటి కప్పు బాగు చేయించాం, ఇప్పుడు ఒక్క మూలే కురుస్తోంది. ఇక మూడోది. నువ్వు చూసి వెళ్లిన పెళ్లికూతురు ప్రసీత వాళ్లు మన ఇల్లు చూడటానికి వస్తే, వాళ్ల ముందు నేను బీడీలు చుట్టే మాట ఎత్తవద్దని రాశావు. అమ్మ ఇంట్లోనే ఉంటుందని చెప్పానన్నావు. ఆ సంగతి తర్వాత చెబుతాను, ముందు నన్ను గొప్పలు చెప్పుకోనివ్వు.

"ఈ వయసులో చదువుల పందెమేమిటమ్మా, నువ్వేమన్నా గుర్రానివా?" అని ఎగతాళి చేశావు కదా. పందెమే, నాయనా! తాలూకాలోని లైబ్రరీలన్నీ కలిసి ఆడవాళ్లకు పెట్టాయి. ఎనిమిది పుస్తకాలు చదివి చివర్లో వాటి మీద పరీక్ష రాయాలి, మన లైబ్రరీలో ఒక్కోటి ఒక్క ప్రతే. పేర్లు ఇచ్చిన ఆడవాళ్లందరం వంతులు వేసుకున్నాం. పుస్తకం ఒకరింట్లో రెండు రోజులుండి పక్కింటికి పోవాలి. నా సంగతి నీకు తెలుసు, రెండు రోజుల్లో ముందుమాట దాటితే గొప్ప.

ఎందుకంటే నేను చదువు నేర్చింది కళ్లతో కాదు, చెవులతో. కార్ఖానాలో మేమంతా చుడుతూ కూర్చుంటే కణారేట్టన్ ఎత్తుబల్ల మీద కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదివేవాడు. ఆయన కూలి కింద తలా కాసిన్ని బీడీలు చుట్టి ఇచ్చేవాళ్లం. ఆయన గొంతులో వింటేగానీ నాకు మాట మాటలా ఉండదు. ఇప్పటికీ పుస్తకం పడితే పెదవులు కదుపుతూ ఆయన చదివినట్టే చదువుతాను. ఆయన దగ్గినట్టు మధ్యలో ఆగుతాను కూడా!

ఇలాగైతే లాభం లేదని ఆయన దగ్గరికే పోయాను. ఇప్పుడాయనకు చూపు సరిగ్గా ఆనదు, నోరు మాత్రం కార్ఖానాలో ఉన్నప్పటిలాగే ఉంది.

"ఊరంతా వినాలా నీ చదువు? నోరు కట్టెయ్ కౌసూ! మాట తర్వాత మాట కాదు, వరుసంతా ఒక్క చూపులో లాగెయ్" అన్నాడు.

పెదవులు కదలకుండా బుగ్గన వక్క పెట్టుకొమ్మన్నాడు. చదువులో పడి దాన్ని నమిలి మింగేశాను. కళ్లు తిరిగి అరుగు మీద పడ్డాను. చెల్లి మజ్జిగ తాగించి, "పరీక్షకు ముందే పోయేలా ఉన్నావు" అని తిట్టింది.

దారి దానంతట అదే దొరికింది. ఒకరోజు బీడీ సంఘానికి చుట్టిన బీడీలు అప్పగించాలి, మర్నాడే పుస్తకం పక్కింటికి పోవాలి. ఏది వదలను? బీడీ ఆకుల చేట ఒళ్లో పెట్టుకుని, పుస్తకాన్ని ఎదురుగా పీట మీద ఆనించి, పేజీ తిప్పడానికి చెల్లిని కూర్చోబెట్టాను. చేతులు చుడుతున్నాయి, కళ్లు వరుసల వెంట పరుగెడుతున్నాయి, నోటికి పనే లేదు. తిప్పమన్నాను.

"ఇప్పుడే కదమ్మా తిప్పాను!" అంది చెల్లి.

"నేనూ ఇప్పుడే చదివాను, తిప్పు" అన్నాను.

నమ్మక ఆ పేజీలో ప్రశ్నలు వేసింది. అన్నీ చెప్పాను! నా చేతులు ఖాళీగా ఉంటే నోరు ఊరుకోదు, అదీ నా జబ్బు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నువ్వు పుట్టినప్పుడు కలిగిందో లేదో, అబద్ధం ఎందుకు ఆడాలి.

చదివింది నిలవడానికి కణారేట్టనే ఇంకో ఉపాయం చెప్పాడు. మధ్యాహ్నం గంజి తాగేటప్పుడు తోటి ఆడవాళ్లకు ఆ కథ చెప్పమన్నాడు. వాళ్లు ఊరికే వింటారా? "ఆ వర్ణనలన్నీ పక్కన పెట్టు కౌసక్కా, ఆ పిల్ల చివరికి ఎవర్ని చేసుకుంది?" అని పీక మీద కూర్చునేవాళ్లు. నేను తడబడిన చోటే నాకు ఎక్కని చోటని తెలిసిపోయేది.

పరీక్ష పట్నం బళ్లో. ప్రశ్నల కాగితం చేతిలో పడగానే బుర్ర ఖాళీ. ఎనిమిది పుస్తకాలూ ఎటు పోయాయో! నాకు తెలియకుండానే బల్ల కింద చేతులు కదలడం మొదలుపెట్టాయి. ఆకు లేదు, దారం లేదు, ఉత్త గాలినే చుడుతున్నాను. ఒక్కో జవాబే బయటికి వస్తోంది.

"చేతిలో ఏంటమ్మా అది, చీటీనా?"

తలెత్తితే కాపలా మాస్టారు. ఆయన కుంజిరామన్ మాస్టరని పరీక్షకు ముందే చెప్పారు. అవును, నీ ప్రసీత నాన్నగారే. నేనెవరో ఆయనకు తెలియదు. గదంతా నా వైపే చూస్తోంది.

వేళ్లు తిమ్మిరెక్కాయంటే సరిపోయేది, నీ మాట దక్కేది. నీ మాట గుర్తుంది నాయనా. కానీ చీటీ అన్నాక నాకు ఒళ్లు మండింది. రెండు అరచేతులూ చాపి చూపించాను.

"చీటీ కాదు మాస్టారూ, బీడీ. నేను బీడీ కార్మికురాలిని. చేతులు ఆడితేనే చదివింది బయటికొస్తుంది."

అందరూ గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. "మీరు చుట్టుకోండమ్మా. మిగతావాళ్లు నవ్వడం ఆపి రాయండి" అని వెళ్లిపోయాడు. నేను చుడుతూ, రాస్తూ చివరి ప్రశ్న దాకా వచ్చాను.

తాలూకాలో రెండో బహుమతి నాదే! మొదటిది బ్యాంకులో పనిచేసే అమ్మాయికి. బాగా చదువుతుంది, న్యాయంగానే గెలిచింది. మైకులో నా పేరు పక్కన "బీడీ కార్మికురాలు" అని చదివినప్పుడు మనవాళ్లు కొట్టిన చప్పట్లు నీకు షార్జాలో వినపడి ఉండాలి.

అక్కడే పేరూ ఊరూ విని మాస్టారు నేను నీ అమ్మనని గుర్తుపట్టాడు. ఆదివారం ప్రసీతను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. చేట దాచలేదు. కర్రపెండలం ఉడకబెట్టి చేపల కూర వేశాను, ఇష్టంగా తిన్నారు. ఆ పిల్ల వచ్చి చేట పక్కనే కూర్చుంది.

"అమ్మా, మీ అబ్బాయి నన్ను చూడటానికి వచ్చినప్పుడు మీరేం చేస్తారని రెండుసార్లు అడిగాను. ఇంట్లో ఉంటారన్నారు. బీడీలంటే ఆయనకు సిగ్గా, మేమంటే భయమా?"

"వాడినే అడుగు తల్లీ" అన్నాను.

అడుగుతుంది. నీకు ఉత్తరం రాస్తానని చెప్పి వెళ్లింది, జవాబు చూశాకే సంబంధం మాట అంది. మాస్టారు అడ్డు చెప్పలేదు. సిగ్గని రాస్తే ఆ పిల్ల ఏమంటుందో, భయమని రాస్తే ఏమంటుందో నాకు తెలియదు. ఏది నిజమైతే అదే రాయి. మళ్లీ అబద్ధం రాశావా, ఆ పెళ్లికి నేను రాను.

ఇట్లు,
నిన్ను కన్న బీడీ కార్మికురాలు,
మీ అమ్మ కౌసల్య