మెదడు కణంలో హీరో ఎవరు?

ఫిల్మ్‌నగర్,
సోమవారం

గౌరవనీయులు బాలాత్రిపురసుందరి మేడమ్ గారికి,

నమస్కారాలు. నా పేరు కమలాకర్. పద్దెనిమిదేళ్లుగా కో-డైరెక్టర్‌ని. అంటే సినిమా ఆడితే డైరెక్టర్‌ది, షూటింగ్‌లో భోజనం ఆలస్యమైతే నాది. ఇన్నాళ్లకు దర్శకత్వం అవకాశం వచ్చింది. శుక్రవారం సిట్టింగ్‌లో నిర్మాత సుబ్బరామయ్యగారు కథకు ఓకే అంటే నేను దర్శకుణ్ణి. అనకపోతే మళ్లీ జనాన్ని "సైలెన్స్" అని అదిలించుకునే బతుకే.

మా హీరోయిన్ మెదడు శాస్త్రవేత్త. ఆమె డైలాగు ఇది: "మెదడు కణానికి కొమ్మలుంటాయి. వాటిని డెండ్రైట్లంటారు. అవి వట్టి కరెంటు తీగలు. వచ్చిన కబురు మోసుకొచ్చి కణం ఒళ్లో పడేస్తాయి." మీరు ముప్పై ఏళ్లు ఈ పాఠమే చెప్పారట. "సరిగానే ఉంది" అని ఒక్క ముక్క రాసిస్తే ధన్యుణ్ణి.

కథ లీకవుతుందని మా నిర్మాతగారు ఫోన్లలో మాట్లాడనివ్వరు, వాట్సాప్ అసలే వద్దంటారు. అందుకే ఉత్తరం. ఆఫీసు డ్రైవర్ యాదగిరి యూసుఫ్‌గూడలో మీ ఇంటికి తెచ్చిస్తాడు.

విధేయుడు,
కమలాకర్

తా.క.: హీరోయిన్ పాటలో కూడా తెల్లకోటు వేసుకునే డాన్స్ చేస్తుంది. కాబట్టి సైన్సుకు గౌరవం తగ్గదు.

యూసుఫ్‌గూడ,
మంగళవారం

కమలాకర్ గారికి ఆశీస్సులు.

సరిగా లేదు. డెండ్రైట్లు తీగలని నా క్లాసులో ఎవరైనా రాస్తే సున్నా వేసేదాన్ని. ఒక్కో కణం కొమ్మల మీద వేల కబుర్లు వచ్చి వాలుతుంటాయి. కొన్ని "కానివ్వు" అంటాయి, కొన్ని "వద్దు" అంటాయి. కొమ్మ వాటిని ఊరికే మొయ్యదు. అక్కడికక్కడే కలుపుతుంది, తీసేస్తుంది. ఒకే కొమ్మ మీద పక్కపక్కన ఒకేసారి వాలిన కబుర్లను పెద్ద చేసి పంపుతుంది. అవే కబుర్లు తలా ఒక మూల, తలా ఒకసారి వస్తే దారిలోనే నీరుగారిపోతాయి. చివరికి చేరినదంతా కలిసి హద్దు దాటితేనే కణం స్పందిస్తుంది. లేదంటే కిమ్మనదు.

ఇది రాసుకోండి.

ఇట్లు,
బాలాత్రిపురసుందరి

తా.క.: కోటుతో డాన్స్ చేస్తే ఆ పిల్ల ఉడికిపోతుంది, తీసెయ్యమనండి అని రాయబోయాను. మీ వాళ్లు ఇంకేమేం తీస్తారోనని భయమేసి ఊరుకుంటున్నాను.

ఫిల్మ్‌నగర్,
బుధవారం

మేడమ్ గారికి పాదాభివందనాలు.

మీ ఉత్తరం జూబ్లీహిల్స్‌లో మా హీరో చిన్మయ్‌గారి ఇంట్లో చదివి వినిపించాను. అంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో నేనెవర్ని?" నిర్ణయం కణానిదే కాబట్టి మీరే కణం అన్నాను. సంతోషించారు. ఇంతలో ఆయన బావమరిది చింటు ఉత్తరం లాక్కుని, "పనంతా కొమ్మలే చేస్తున్నాయిగా బావా! కణం చివర్లో జీపులో దిగే పోలీసు లాంటిది" అన్నాడు. హీరోగారి మొహం మాడిపోయింది.

ఇప్పుడు కొమ్మలన్నీ తానే చేస్తానంటున్నారు. "వద్దు" అనే కబుర్లు విలన్లట. ఇంటర్వెల్ ముందు ఒక్కణ్ణీ వదలకుండా చంపేస్తారట. శాస్త్రం ఒప్పుకుంటుందా?

మీ విధేయుడు,
కమలాకర్

తా.క.: కొమ్మలు మొత్తం ఎన్నో చెప్పండి. కాస్ట్యూములు కుట్టించాలి.

యూసుఫ్‌గూడ,
గురువారం

నాయనా కమలాకర్,

"వద్దు" కబుర్లను చంపేస్తే ఆ మెదడున్న మనిషి మూర్ఛ వచ్చి పడిపోతాడు. ఇంటర్వెల్‌కి మీ హీరోను ఆసుపత్రిలో చేర్పించుకోండి. అవి విలన్లు కావు, ఎక్కడ ఆగాలో చెప్పే పెద్దమనుషులు. మీ సినిమాలకు లేనిదే అది.

కణం హీరో కాదు! కొమ్మలు సైడు పాత్రలు కావు! మీకు అర్థం కావాలంటే మీ సిట్టింగునే చూసుకోండి. గదినిండా జనం, తలా ఒక మాట, ఓకే అనేవాడు ఒక్కడు. కథ నచ్చినవాళ్లు ముగ్గురున్నా, మూడు మూలల్లో కూర్చుని తోచినప్పుడు తలాడిస్తే ఎవరికి పట్టింది? అదే పక్కపక్కన కూర్చుని ఒక్కసారే బాగుందంటే? కొమ్మ మీద జరిగేది అదే. ఇక నాకు రాయకండి.

బాలాత్రిపురసుందరి

తా.క.: ఇంత కోపమెందుకని అడిగితే యాదగిరికి అంతా చెప్పాను. "జర గా మూర్ఛ సంగతి మల్లొక్కసారి చెప్పుండ్రి అమ్మా" అన్నాడు. మీ అందరికంటే నయం. ఇడ్లీలు పెట్టి పంపుతున్నాను.

ఫిల్మ్‌నగర్,
శుక్రవారం

అమ్మా,

రాయొద్దన్నారు. తప్పడం లేదు.

మీరన్నట్టే చేశాను. మా కథ నచ్చిన రచయిత్రి భావననీ, కెమెరామన్‌నీ, ఎడిటర్‌నీ ఒకే సోఫాలో ఇరికించాను. నేను దగ్గగానే ముగ్గురూ ఒక్కసారే "అద్భుతం" అనాలి. ఇదీ ఏర్పాటు. నేను కథ మొదలుపెట్టేలోగా చింటు నా ఫైలు లాక్కుని, నన్ను ఏడిపించడానికి మీ ఉత్తరాలు పైకి చదవసాగాడు. అందరూ పడీపడీ నవ్వారు. కాసేపటికి నవ్వు ఆపి వినడం మొదలుపెట్టారు. బిర్యానీ చల్లారిపోతున్నా ఎవరూ అటు చూడలేదు. "మీ సినిమాలకు లేనిదే అది" అన్నచోట భయంతో నాకు పొలమారింది. దగ్గాను.

ముగ్గురూ "అద్భుతం!" అన్నారు. సుబ్బరామయ్యగారు "ఓకే" అన్నారు.

దేనికండీ అని అడిగాను. "ఈ ఉత్తరాలకయ్యా. ఇదే మన సినిమా" అన్నారు. సినిమావాళ్లను ఉత్తరాల్లో ఉతికేసే ప్రొఫెసరమ్మ కథ. హీరోగారు నా పాత్రకు ఒప్పుకున్నారు. పద్దెనిమిదేళ్ల కష్టం అనగానే ఆయనకు కళ్లు చెమర్చాయి. కానీ ప్రొఫెసర్‌గా మీరే నటించాలట. మీరు కాదంటే సినిమా లేదు. నేను దర్శకుణ్ణీ కాను. కాళ్లు పట్టుకుంటున్నాను.

మీ
కమలాకర్

తా.క.: చింటు కూడా వేషం అడుగుతున్నాడు. "వద్దు" కబురు వేషం ఇచ్చాం.

యూసుఫ్‌గూడ,
శనివారం

చిరంజీవి కమలాకర్‌కి,

బుద్ధుందా నీకు, అరవై ఎనిమిదేళ్ల మనిషిని మొహానికి రంగు పూసుకోమంటావా అని నాలుగు పేజీలు రాశాను. రాసి చించేశాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను నాయనా. చివరి బెంచీ ఏనాడూ నిద్ర లేవలేదు. నా మాటల కోసం గదినిండా జనం బిర్యానీ చల్లార్చుకున్నారని చదివి కూర్చుని ఏడ్చాను. వస్తున్నాను.

ఒకటే షరతు. సైన్సులో ఒక్క అక్షరం తప్పు పోయినా షూటింగ్ మధ్యలో లేచి వచ్చేస్తాను. చెప్పలేదనకు.

ఆశీస్సులతో,
బాలాత్రిపురసుందరి

తా.క.: కణం స్పందించడానికి నిజానికి సెకనులో వెయ్యో వంతు చాలు. కానీ నేను స్లో మోషన్‌లో కళ్లద్దాలు తీసి వెనక్కి తిరిగేదాకా దాన్ని కాస్త ఆగమను.