ముందు పడవ దిగు

భానక్కా,

క్షేమసమాచారాలతో మొదలుపెట్టే ఓపిక లేదు. హరికేన్ మీ కరీబియన్ దీవి వైపే వస్తోందని ఇక్కడ కటవారియా సరాయ్‌లో టీ కొట్టు భయ్యాకి కూడా తెలుసు. దీదీ పడవ దిగిందా అని రోజూ అడుగుతున్నాడు. నేను అదే అడిగితే తాబేలు పక్కన ఈదుతున్న ఫొటో పంపిస్తావా? పైగా, "ఢిల్లీలో ఒకటే వానలటగా, మీ సందులోకి నీళ్లొచ్చాయా? పై అంతస్తుకి మారరా" అని నాకే సలహాలు!

టూరిస్టులకి స్కూబా డైవింగ్ నేర్పేదానివి, నీళ్లంటే భయం లేకపోవచ్చు. పడవే ఇల్లయితే మాత్రం తుఫానులో దాన్ని పట్టుకుని వేలాడాలా? సామాను పోతే పోనీ. ఒడ్డుకెళ్లి ఫోన్ చెయ్యి. అప్పటిదాకా నా గదిలోకి నీళ్లొచ్చాయో లేదో చెప్పను.

పుస్తకాలన్నీ మంచం మీద పేర్చి, నేనూ కాళ్లు పైకి పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఎందుకని అడగకు.

నీ తమ్ముడు